లోహములు – ఔషధములు : రూపము, పరిమాణము, మార్గము, కాలము

లోహమనగానే సామాన్యులకు స్ఫురించునవి నాగటి కఱ్ఱు, వంటపాత్ర, ఆభరణము, నాణెము. వైద్యశాలలో లోహమనగా కత్తియు, సూదియు మాత్రమే యని తలంచువారు పెక్కుమంది గలరు. కాని రోగికి తెలియకయే అతని దేహములో ప్రవేశించు లోహములు అనేకములు. గర్భిణికి ఇచ్చు ఎఱ్ఱని మాత్రలో ఇనుము కలదు. ఉదరవ్యాధి గలవానికి ఎక్స్‌రే తీయుటకు ముందు త్రాగించు తెల్లని చిక్కని ద్రవములో బేరియము కలదు. ఎముకల స్కానింగునకు ముందు సూదిద్వారా ఎక్కించు మందులో టెక్నీషియము కలదు. క్యాన్సరు రోగి నరములోనికి బొట్టుబొట్టుగా ఎక్కించు కొన్ని మందులలో ప్లాటినము కలదు. ఉన్మాదము, దైన్యము ఒకదానివెంట నొకటి వచ్చు మనోవ్యాధికి వాడు మాత్రలో లిథియము కలదు.

ఈ లోహములలో పెక్కింటికి విషస్వభావము కూడ కలదు. అందువలన జనులలో పరస్పర విరుద్ధములైన రెండు విశ్వాసములు వ్యాపించియున్నవి. లోహము చేరిన మందు ఏదైనను విషమే, దానిని ముట్టరాదని కొందఱందురు. భస్మమైన లోహము అమృతతుల్యము, ఎంతకాలము సేవించినను కీడులేదని మఱికొందఱందురు. మొదటి విశ్వాసము వలన అవసరమైన చికిత్సను మానుకొని నష్టపోవువారున్నారు. రెండవ విశ్వాసము వలన తెలిసి తెలిసియే దేహమును చెఱుపుకొనువారున్నారు. కావున లోహమునుగూర్చిన నిర్ణయము లోహముయొక్క పేరునుబట్టి చేయదగినది కాదు. నాలుగు ప్రశ్నలకు సమాధానము తెలిసికొని చేయవలసియున్నది: లోహము ఏ రూపమున నున్నది? ఎంత పరిమాణమున నున్నది? ఏ మార్గమున లోనికి పోయి, ఏ మార్గమున వెలికి వచ్చును? ఎంతకాలము దేహమున నిలుచును? ఈ నాలుగు ప్రశ్నలను ఉదాహరణములతో వివరించుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

1. రూపము

సోడియమను లోహపు ముక్కను నీటిలో వేసిన భగ్గున మండును. క్లోరిన్ అనునది ఊపిరితిత్తులను దహించు విషవాయువు. ఈ రెండును రసాయనికముగా కలిసినపుడు ఏర్పడునది నిత్యము అన్నములో కలుపుకొను ఉప్పు. ఇట్లు రెండుగాని, అంతకంటె ఎక్కువగాని మూలకములు నిర్ణీతమైన పాళ్ళలో కలిసి, తమ తొల్లింటి గుణములను విడిచి, క్రొత్త గుణములను పొందినపుడు ఏర్పడు పదార్థమును సమ్మేళనమందురు. దేహములో పనిచేయునది సాధారణముగా లోహముయొక్క సమ్మేళనమే. కనుక ఒకే లోహము ఒక సమ్మేళనములో ప్రాణరక్షకమును, మఱియొక సమ్మేళనములో ప్రాణాంతకమును కావచ్చును.

దీనికి బేరియమును మించిన దృష్టాంతము లేదు. 1895లో రంట్జెన్ పండితుడు ఎక్స్‌కిరణములను కనుగొనిన పిదప ఎముకలను చూచుట సులభమయ్యెను. కాని జీర్ణాశయము, ప్రేవులు మొదలైన మెత్తని అవయవములు ఆ కిరణములను అడ్డగింపజాలవు గనుక అవి ఛాయాచిత్రమున స్పష్టముగా కనబడవు. బరువైన పరమాణువులు గల పదార్థమును ఆ అవయవములలో నింపినచో వాని ఆకారము తెల్లగా గోచరించును. మొదట బిస్మత్ లవణములను వాడిరి. వానిలో బిస్మత్ సబ్‌నైట్రేటు కొందఱు రోగులకు విషమయ్యెను. 1910 ప్రాంతమున దానికి బదులు బేరియము సల్ఫేటును వాడుట ఆరంభమైనది.

బేరియము అయాను రక్తములో చేరినచో కండరములు చచ్చుబడును, గుండె లయ తప్పును. బేరియము కార్బనేటు ఎలుకల మందుగా వాడబడిన విషము. అది జీర్ణాశయములోని ఆమ్లమున కరగి, బేరియమును విడుదలచేయును. సల్ఫేటు అట్లు కాదు. అది నీటిలోగాని, జఠరామ్లములోగాని దాదాపు కరగదు. రోగి త్రాగిన సల్ఫేటు ప్రేవులగుండ ప్రయాణించి, చిత్రము తీయుటకు తోడ్పడి, మలముతో వెలికి పోవును. 2003లో బ్రెజిల్ దేశమున కార్బనేటుతో కలుషితమైన బేరియము సల్ఫేటును త్రాగిన రోగులు పలువురు మరణించిరి. రెండును తెల్లని పొడులే. రెండింటను ఉన్నది బేరియమే. ఒకటి కరగును, మఱియొకటి కరగదు. ప్రాణమునకు ఆధారమైన భేదము అంత మాత్రమే. ప్రేవులకు రంధ్రము పడినదను అనుమానమున్నపుడు వైద్యులు బేరియమును మాని, నీటిలో కరగు అయొడిన్ సమ్మేళనమును వాడుటకు కారణము కూడ ఇదియే: ప్రేవులు దాటి కడుపులోపల చిక్కుకొనిన బేరియము సల్ఫేటు వెలికి రాజాలక వాపును కలిగించును.

భారతదేశ చరిత్రకు సంబంధించిన దృష్టాంతము ఆంటిమొని. కాలా అజార్ అను జ్వరము బెంగాలు, అస్సాము, బీహారు ప్రాంతములలో గ్రామములను తుడిచిపెట్టినది. ఈ వ్యాధిలో జ్వరము విడువదు, ప్లీహము పెరుగును, రక్తము క్షీణించును. చికిత్స లేనిచో దాదాపు అందఱును మరణింతురు. ఈ వ్యాధికి కారణమైన పరాన్నజీవిని 1903లో ఇంగ్లండులో విలియం లీష్మన్, మద్రాసులో చార్లెస్ డోనవన్ వేర్వేరుగా ప్రకటించిరి. అందుచే దానికి లీష్మానియా డోనవని యని పేరు వచ్చినది. తొలుత దీనికి టార్టార్ ఎమెటిక్ అను ఆంటిమొని లవణమును సూదిమందుగా ఇచ్చిరి. అందులోని ఆంటిమొనికి సంయోజకత మూడు. అది పరాన్నజీవిని చంపునుగాని, వాంతులను, గుండెదౌర్బల్యమును కలిగించి రోగినికూడ బాధించును.

కలకత్తాలోని క్యాంబెల్ ఆసుపత్రిలో, సౌకర్యములు లేని చిన్నగదిలో పనిచేయుచు ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి 1920లో యూరియా స్టిబమిన్ అను సమ్మేళనమును సిద్ధపఱచెను. ఇందలి ఆంటిమొనికి సంయోజకత అయిదు. అది కర్బన సమ్మేళనముతో బంధింపబడి యుండుటచే రోగికి సహ్యమైనది. లోహము మారలేదు, దాని స్థితి మారినది. ఆ మార్పు వలన అసంఖ్యాకులకు ప్రాణదానము లభించినది. అయినను ఔషధముయొక్క చరిత్ర అక్కడితో ముగియలేదు. అదే వర్గమునకు చెందిన మందులను దశాబ్దములు వాడిన పిమ్మట బీహారులో పరాన్నజీవి వానిని తట్టుకొను శక్తిని సంపాదించినది. 2014లో భారత ప్రభుత్వము లైపోసోమల్ యాంఫోటెరిసిన్ అను లోహరహితమైన ఔషధమును ఒకే మోతాదుగా ఇచ్చు విధానమును స్వీకరించినది. ఒకనాడు ప్రాణము నిలిపిన లోహౌషధము వేఱొకనాడు స్థానము విడువవలసి వచ్చుట వైద్యమున సహజము.

రూపభేదము ఎంత సూక్ష్మమైనను ఫలితము ఎంత గొప్పదో తెలుపునది ప్లాటినము. అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున బార్నెట్ రోజెన్‌బర్గ్, అతని సహచరులు విద్యుత్తు ప్రవహించు ద్రవములో సూక్ష్మజీవులు ఎట్లు ప్రవర్తించునో పరిశీలించిరి. సూక్ష్మజీవులు విభజన చెందుట మాని, దారములవలె పొడవుగా సాగినవి. కారణము విద్యుత్తు కాదని, ప్లాటినపు కడ్డీలనుండి ద్రవములోనికి చేరిన సమ్మేళనమని పరిశోధనవలన తేలినది. ఈ విషయమును వారు 1965లో ప్రకటించిరి. విభజనను అడ్డగించు పదార్థము, అదుపులేక విభజన చెందు క్యాన్సరు కణమునుకూడ అడ్డగింపవచ్చునను ఆలోచన నుండి సిస్‌ప్లాటిన్ అను మందు పుట్టినది. ఆ సమ్మేళనము 1844లోనే మికేలే పెయ్‌రోనే అను ఇటలీ రసాయనికునిచే తయారుచేయబడియుండెను. దాని వైద్యోపయోగము తెలియుటకు నూఱేండ్లకు పైబడి పట్టినది.

ఇందలి ప్లాటినపు పరమాణువునకు నాలుగు ప్రక్కల రెండు క్లోరిన్‌లు, రెండు అమ్మోనియాలు ఉండును. రెండు క్లోరిన్‌లు ఒకదాని ప్రక్క నొకటి యున్న రూపము సిస్. ఎదురెదురుగా నున్న రూపము ట్రాన్స్. సిస్ రూపము కణములోనికి పోయి, క్లోరిన్‌లను విడిచి, వంశలక్షణములను మోయు డి.ఎన్.ఎ. పోగులో పక్కపక్కనున్న రెండు స్థానములను పట్టుకొని దానిని వంచును. కణము దానిని సరిచేసికొనజాలక నశించును. ట్రాన్స్ రూపమునకు ఈ గుణము లేదు. అవే పరమాణువులు, అదే సంఖ్య. అమరిక మాత్రము వేఱు. 1978లో అమెరికాలో ఆమోదము పొందిన ఈ మందువలన, అంతకుపూర్వము దేహమంతటను వ్యాపించినచో ప్రాణాంతకముగా నుండిన వృషణ క్యాన్సరు నుండి నేడు అధిక సంఖ్యాకులు విముక్తులగుచున్నారు. అయినను ఇది మూత్రపిండములను, వినికిడిని దెబ్బతీయగలదు. అందుచే మందుతోబాటు నరముద్వారా విరివిగా లవణజలమును ఎక్కింతురు. మూత్రపిండములకు కొంత తక్కువ హానిచేయు కార్బోప్లాటిన్ తరువాత వచ్చినది. అది ఎముకమజ్జపై అధికముగా ప్రభావము చూపును.

2. పరిమాణము

రూపము సరియైనదే యైనను పరిమాణము తప్పినచో ఔషధము విషమగును. ఇందుకు గృహములందు నిత్యము కనబడు ఉదాహరణము ఇనుము.

వయోజనుని దేహమున సుమారు 3 నుండి 4 గ్రాముల ఇనుము ఉండును. అందు మూడింట రెండు పాళ్ళు రక్తమునకు ఎఱుపు నిచ్చు హీమోగ్లోబినులో నుండి ప్రాణవాయువును మోయుచుండును. అది తక్కువైనపుడు పాండురోగము, అనగా రక్తహీనత కలుగును. ఫ్రాన్సు వైద్యుడు పియర్ బ్లో 1830 దశకములో ఐరన్ సల్ఫేటుతో మాత్రలు కట్టి రక్తహీనతకు ఇచ్చెను. నేటి మాత్రలును ఆ మార్గముననే నడచుచున్నవి. భారతదేశమున 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము ప్రకారము గర్భిణికి దినమునకు ఒక మాత్ర చొప్పున 180 దినములు ఇత్తురు. ఒక్కొక మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును.

ఈ మాత్రను వాడినపుడు మలము నల్లబడును. కొందఱు గర్భిణులు దానిని చూచి, బిడ్డ నల్లగా పుట్టునని భయపడి మాత్రను మానుచున్నారు. ప్రేవులలో మిగిలిన ఇనుమే ఆ నలుపునకు కారణము. బిడ్డ రంగుతో దానికి ఎట్టి సంబంధమును లేదు. మాత్రతో నిమ్మరసముగాని, ఉసిరికగాని తీసికొనిన ఇనుము బాగుగా ఇంకును. టీ, కాఫీలు దానిని అడ్డగించును గనుక మాత్రకు ముందు వెనుకల వానిని మానవలెను. పెద్దలకు మేలుచేయు ఈ మాత్రయే పసిపిల్లలు మిఠాయియని గుప్పెడు మింగినచో ప్రాణాపాయము. పది కిలోల బరువు గల బిడ్డ పది మాత్రలు మింగినచో తీవ్రమైన విషప్రభావము కలుగవచ్చును. కనుక ఈ మాత్రలను పిల్లలకు అందని చోట దాచుట గృహిణికి ముఖ్య ధర్మము. పొరపాటున మింగినచో లక్షణములకై వేచియుండక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

పరిమాణమును రక్తపరీక్షతో కొలిచి కొలిచి వాడవలసిన లోహము లిథియము. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ సమీపమున పనిచేయుచున్న మానసిక వైద్యుడు జాన్ కేడ్ 1949లో ఉన్మాద రోగులకు లిథియము లవణముల నిచ్చి, వారు శాంతించిరని ప్రకటించెను. అదే సంవత్సరము అమెరికాలో గుండెజబ్బు గలవారు ఉప్పునకు బదులుగా లిథియము క్లోరైడును విచ్చలవిడిగా వాడి, కొందఱు మరణించిరి. కేడ్ చికిత్సలో తొలుత మేలుపొందిన రోగియే 1950లో లిథియము విషప్రభావముచే చనిపోయెను. రక్తములో లిథియమును కొలుచు పద్ధతి వచ్చిన పిదపనే ఈ మందు క్షేమకరమయ్యెను. 1954 నుండి డెన్మార్కులో మోగెన్స్ షౌ చేసిన పరిశోధనలు దీనికి స్థిరత్వము కల్పించినవి.

నేడు రక్తరసమున లీటరునకు సుమారు 0.6 నుండి 1.0 మిల్లీమోల్ వరకు లిథియమును నిలుపుదురు. 1.5 దాటిన అపాయము. మేలుచేయు పరిమాణమునకును, కీడుచేయు పరిమాణమునకును మధ్య దూరము ఇంత స్వల్పము. దేహమునకు లిథియము సోడియమువలె తోచును గనుక, నీరును ఉప్పును తక్కువైనపుడు మూత్రపిండములు లిథియమును వదలక పట్టుకొనును. మండువేసవిలో చెమట పట్టినను, విరేచనములైనను, ఉపవాసము చేసి ఉప్పు మానినను, కొన్ని నొప్పుల మాత్రలు వాడినను రక్తములో లిథియము పెరుగును. చేతులు మిక్కిలి వణకుట, నడక తడబడుట, వాంతులు, మాట ముద్దయగుట దాని సూచనలు. ఇట్టి స్థితిలో వెంటనే వైద్యుని చూడవలెను. అట్లని ఆరోగ్యముగా నున్నపుడు మందును తమంత తాము మానుటయు తగదు, వ్యాధి మరల విజృంభింపవచ్చును.

3. మార్గము, కాలము

వ్యాధిని నయముచేయుటకు వాడు మందు దేహమున కొంతకాలము నిలువవలెను. వ్యాధిని గుర్తించుటకు వాడు పదార్థము పని ముగియగనే వెడలిపోవలెను. ఈ నియమమును మఱచుటవలన కలిగిన అనర్థమునకు థోరియము సాక్షి.

1930 ప్రాంతమున థోరియము డయాక్సైడును ద్రవములో నలిపి, రక్తనాళముల ఎక్స్‌రే చిత్రములకు వాడ నారంభించిరి. చిత్రములు అద్భుతముగా వచ్చెడివి. సూది వేసినపుడు రోగికి బాధ లేదు. వెనువెంటనే ఏ కీడును కనబడలేదు. అందుచే అనేక దేశములలో వేలకొలది జనులకు దానిని ఎక్కించిరి. కాని ఆ పదార్థము మూత్రమున వెడలిపోదు, మలమున వెడలిపోదు. అది కాలేయము, ప్లీహము, ఎముకమజ్జలలో స్థిరముగా పేరుకొని, రోగి జీవించినంతకాలము ఆల్ఫాకిరణములను వెలువరించుచుండెను. థోరియముయొక్క అర్ధాయువు సుమారు 1,400 కోట్ల సంవత్సరములు. ఇరువది, ముప్పది ఏండ్ల తరువాత ఆ జనులలో కాలేయ క్యాన్సరు, రక్తక్యాన్సరు అధికముగా బయల్వెడలినవి. తత్కాలమున బాధ లేకుండుట క్షేమమునకు నిదర్శనము కాదని ఈ చరిత్ర బోధించుచున్నది.

దీనికి పూర్తిగా భిన్నమైనది టెక్నీషియము. 1937లో ఎమిలియో సెగ్రే, కార్లో పెరియర్ ఇటలీలోని పలెర్మో నగరమున దీనిని కనుగొనిరి. దీని 99ఎం అను రూపము గామాకిరణములను వెలువరించును. దాని అర్ధాయువు ఆరు గంటలు. ఆరు గంటలలో సగము, పండ్రెండు గంటలలో నాలుగవ వంతు, ఒక దినమునకు పదునారవ వంతు మాత్రము మిగులును. ఇంత త్వరగా నశించు దానిని దూరప్రాంతముల ఆసుపత్రులకు పంపుట ఎట్లు? అందుకొక ఉపాయము కలదు. 66 గంటల అర్ధాయువు గల మాలిబ్డినము 99 అను పదార్థమును సీసపు కవచము గల పెట్టెలో పంపుదురు. అది క్రమముగా టెక్నీషియముగా మారుచుండును. ఆసుపత్రివారు ప్రతిదినము లవణజలముతో దానిని కడిగి టెక్నీషియమును తీసికొందురు. ఈ పనిని ఆవును పితుకుటతో పోల్చి చెప్పుట ఆ వృత్తివారి వాడుక.

టెక్నీషియమును ఏ సమ్మేళనముతో జతపఱచిన ఆ సమ్మేళనముయొక్క గమ్యమునకే అది పోవును. ఫాస్ఫోనేటుతో జతచేసిన ఎముకలకు చేరి, క్యాన్సరు వ్యాపించిన తావులను చూపును. వేఱొక సమ్మేళనముతో జతచేసిన మూత్రపిండములలోనుండి వడియుచు వాని పనితీరును తెలుపును. లోహము దీపము వంటిది, జతపడిన అణువు దానిని మోసికొనిపోవు బండి వంటిది. ప్రపంచమున రేడియోధార్మిక పదార్థములతో జరుగు చిత్రపరీక్షలలో అత్యధికభాగము ఈ లోహముతోనే జరుగుచున్నవి. వాడు పరిమాణము అత్యల్పము. అయినను గర్భిణులును, పాలిచ్చు తల్లులును పరీక్షకు ముందే ఆ సంగతిని వైద్యునకు తెలుపవలెను.

ఎం.ఆర్.ఐ. పరీక్షలో ఎక్స్‌కిరణములు లేవు, బలమైన అయస్కాంతక్షేత్రము కలదు. అందు చిత్రమును స్పష్టపఱచుటకు 1988 నుండి గాడోలినియము వాడుకలోనికి వచ్చినది. ఈ లోహపు అయానులో జతపడని ఎలక్ట్రానులు ఏడు కలవు. అందుచే అది చుట్టునున్న నీటి అణువులపై ప్రభావము చూపి చిత్రమును ప్రకాశవంతము చేయును. విడిగా నున్న గాడోలినియము అయాను విషము. దాని పరిమాణము కాల్షియము అయానును పోలియుండుటచే అది కాల్షియము చేయవలసిన పనులకు అడ్డుపడును. కనుక పంజరములో పక్షివలె దానిని కర్బన అణువులో బంధించి ఇత్తురు. ఆరోగ్యవంతమైన మూత్రపిండములు దానిని పంజరముతోగూడ శీఘ్రముగా వెలికి పంపును. మూత్రపిండములు చెడినవారిలో అది దీర్ఘకాలము నిలిచి, పంజరము సడలి, చర్మమును కీళ్ళను బిగియజేయు దారుణవ్యాధిని కలిగించుచున్నదని 2006లో తెలియవచ్చినది. అటుపిమ్మట పరీక్షకు ముందు మూత్రపిండముల స్థితిని తెలిసికొనుట ఆచారమైనది. బంధము దృఢముగా నుండు వలయాకార సమ్మేళనములకు ప్రాధాన్యము వచ్చినది. 2017లో ఐరోపా ఔషధసంస్థ బంధము సడలునట్టి పెక్కు సమ్మేళనముల వాడుకను నిలిపివేసినది.

4. పూర్వగ్రంథములు, నేటి పరీక్ష

లోహములను ఔషధములుగా వాడుట పాశ్చాత్యులు కొత్తగా కనుగొనినది కాదు. ఆంధ్రదేశమున వైద్యులు తరతరములుగా పఠించిన బసవరాజీయము ఇందుకు సాక్ష్యము. దీని కర్త బసవరాజు వీరశైవుడు. ఇతడు కల్యాణమున వెలసిన బసవేశ్వరుడు కాడు. సంస్కృత శ్లోకములును తెలుగు భాగములును కలిసియున్న ఈ గ్రంథము నాడీపరీక్షతో ఆరంభమై, వివిధ రోగములకు మూలికలతోబాటు రసౌషధములనుకూడ చెప్పుచున్నది. 1940 నాటి ఔషధచట్టము ప్రామాణిక ఆయుర్వేదగ్రంథముల పట్టికలో దీనిని చేర్చియున్నది.

భస్మము సిద్ధమైనదో కాలేదో తెలిసికొనుటకు పూర్వులు కొన్ని పరీక్షలను విధించిరి. భస్మము నీటిపై తేలవలెను. వ్రేళ్ళ సందు గీతలలో ఇమిడిపోవునంత మెత్తగా నుండవలెను. లోహపు తళుకు కనబడరాదు. నిర్ణీత ద్రవ్యములతో వేడిచేసినను మరల లోహముగా మారరాదు. లోహము లోహముగా నుండక సమ్మేళనముగా మారవలెనను జ్ఞానము వారికి కలదని ఈ పరీక్షలే చాటుచున్నవి. ఇది రూపమునుగూర్చిన మొదటి ప్రశ్న. కాని భస్మమునుండి ఎంత లోహము రక్తములో చేరును, ఎంతకాలము ఎముకలలో నిలుచును అను తక్కిన ప్రశ్నలకు ఈ పరీక్షలు సమాధానము చెప్పజాలవు. అందుకు రక్తమును కొలుచు సాధనములును, అనేక రోగులను ఏండ్లతరబడి గమనించుటయు అవసరము.

ఆ పరీక్షకు నిలిచినవి గలవు, నిలువనివి గలవు. పాషాణమను పేర ప్రసిద్ధమైన ఆర్సెనిక్ ట్రయాక్సైడు అనాదిగా విషము, అనాదిగా మందు. చైనాలోని హార్బిన్ నగర వైద్యులు 1970 దశకములో సంప్రదాయ చికిత్సనుండి దానిని గ్రహించి, ఒకానొక తీవ్ర రక్తక్యాన్సరునకు నరముద్వారా ఇచ్చి ఫలితములను లెక్కించిరి. ఇతర దేశములవారును పరీక్షించి సమ్మతించిరి. 2000లో అమెరికాలో దానికి ఆమోదము లభించినది. నేడు ఆ వ్యాధి నయమగు రక్తక్యాన్సరులలో నొకటి. పాదరసపు క్లోరైడగు కాలొమెల్ కథ వేఱు. పాశ్చాత్య దేశములలో పండ్లు వచ్చు శిశువులకు దానిని పొడిగా ఇచ్చెడివారు. చేతులు కాళ్ళు ఎఱ్ఱబడి, శిశువు నిద్రలేక కృశించు వ్యాధికి ఆ పొడియే కారణమని 1940 దశకాంతమున తెలిసినది. 1950 దశకమున ఆ పొడులను తొలగింపగా ఆ వ్యాధి దాదాపు కనుమరుగైనది. తూర్పు పశ్చిమ భేదము ఇక్కడ లేదు. కొలిచి చూచినపుడు నిలిచినది ఔషధము, నిలువనిది కాదు.

2004లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, అమెరికాలోని బోస్టన్ పరిసరముల అంగళ్ళలో అమ్ముచున్న 70 ఆయుర్వేద ఔషధములను పరీక్షింపగా 14 ఔషధములలో సీసము, పాదరసము, ఆర్సెనిక్‌లలో ఒకటిగాని, అంతకంటె ఎక్కువగాని కనబడినవి. సీసము రక్తమును, నరములను, శిశువుల మేధస్సును చెఱచును. దానికి క్షేమకరమైన పరిమాణమనునది లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. తెరలు తెరలుగా కడుపునొప్పి, మలబద్ధకము, రక్తహీనత, మణికట్టు వ్రాలిపోవుట సీసవిషపు లక్షణములు. భారతీయ ఔషధ నిబంధనలు పాదరసము, ఆర్సెనిక్ మొదలైన విషద్రవ్యములతో చేసిన ఆయుర్వేద ఔషధముల పొట్లముపై వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే సేవింపవలెనను హెచ్చరిక ముద్రింపవలెనని శాసించుచున్నవి. పేరులేని పొట్లమున, హెచ్చరిక లేకుండ, సంతలోగాని యాత్రాస్థలమునగాని అమ్ము భస్మమును సేవించుట బసవరాజీయమును గౌరవించుట కాదు. ఆ గ్రంథము సయితము నాడిని చూచి, రోగమును నిర్ణయించి, పిదప మందు నిర్ణయింపుమనియే చెప్పుచున్నది.

5. చేరిన లోహమును వెడలించుట

లోహము దేహమున పేరుకొనినపుడు దానిని పట్టి వెలికి తెచ్చు మందులు కూడ కలవు. గండ్రపీత తన డెక్కలతో పట్టుకొనినట్లు ఇవి లోహపు అయానును ఇరుప్రక్కల పట్టి, మూత్రముతో వెడలించును. రాగి కాలేయమున, మెదడున పేరుకొను వంశానుగత వ్యాధిని 1912లో విల్సన్ వర్ణించెను. 1956లో జాన్ వాల్ష్ పెనిసిలమిన్ అను మందుతో ఆ రాగిని మూత్రమున వెడలింపవచ్చునని చూపెను. అంతకుముందు తప్పక ప్రాణము తీయుచుండిన ఆ వ్యాధి, సకాలమున గుర్తించి జీవితాంతము మందు వాడినచో నేడు అదుపున నుండును. తలసీమియా గల పిల్లలకు మాటిమాటికి రక్తమెక్కించుటచే చేరు అధిక ఇనుమును డిఫెరాక్సమిన్ మొదలైన మందులు వెడలించును. సీసవిషమునకును ఇట్టి చికిత్స కలదు. అయినను ఇవి అవసరమైన లోహములనుకూడ లాగివేయగలవు గనుక, దేహశుద్ధి పేర ఆరోగ్యవంతులు వీనిని వాడుట తగదు.

6. ఆచరణయోగ్యములైన సూచనలు

ఒకటి: వైద్యుడు ఇచ్చిన మందులో లోహమున్నదని వినినంతనే భయపడి మానరాదు. అది ఏ సమ్మేళనమో, ఎంతకాలము వాడవలెనో, ఏ పరీక్షలు చేయించుకొనవలెనో వైద్యుని అడుగుట రోగియొక్క హక్కు.

రెండు: మూత్రపిండముల జబ్బు, గర్భము, పూర్వము మందు పడకపోవుట మొదలైన సంగతులను స్కానింగునకు ముందే తెలుపవలెను.

మూడు: ఆయుర్వేద ఔషధమైనను, అల్లోపతి ఔషధమైనను, హోమియో ఔషధమైనను వాడుచున్న మందులన్నింటిని వైద్యునకు చూపవలెను. దాచుటవలన వైద్యుడు దారితప్పును.

నాలుగు: పసిపిల్లలకును, గర్భిణులకును అర్హతగల వైద్యుని ఆజ్ఞ లేనిదే ఏ భస్మమును, ఏ సింధూరమును నాకింపరాదు.

అయిదు: ఇనుప మాత్రలను ఇంట తాళము వేసిన చోట ఉంచవలెను. వైద్యుడు చెప్పినన్ని దినములు వదలక వాడవలెను.

బేరియము, ఆంటిమొని, ప్లాటినము, ఇనుము, లిథియము, థోరియము, టెక్నీషియము, గాడోలినియము, ఆర్సెనిక్, పాదరసము, సీసము, రాగి – ఈ పండ్రెండింటి చరిత్రను పరిశీలించినచో, జాతిచేత మంచిదియు, జాతిచేత చెడ్డదియు అగు లోహమేదియు కనబడదు. రూపము, పరిమాణము, మార్గము, కాలము అను నాలుగింటిని తెలిసి వాడినవారికి అది మందు. తెలియక వాడినవారికి అది విషము. మందు సీసాను చేతబట్టిన ప్రతి గృహస్థుడును ఈ నాలుగు ప్రశ్నలను అడుగుట అలవఱచుకొనినచో, అతని కుటుంబమునకు అంతకుమించిన రక్ష లేదు.